‘ఇతర జబ్బులున్నాయి’ అని తేల్చేస్తే ఎలా?

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీరు వేసిన బర్డ్ ఫ్లూ వార్త ఇంకా నా మనసులో మెదులుతూనే ఉంది. 2025 జనవరిలో అమెరికాలోని లూసియానాలో హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ సోకి ఒకరు చనిపోయిన సంగతి గుర్తుచేస్తూ, ఆ మనిషికి 65 దాటాయి, ఇతర జబ్బులున్నాయి, మిగతా జనం కంగారు పడక్కర్లేదు అని ముగించారు. నాకు 71. ఇరవై ఏళ్లుగా షుగర్, దానికి తోడు ఆస్తమా. మరి మా సంగతేమిటి?

మనుషులకు ఇది అరుదుగానే సోకుతుంది, ఒప్పుకుంటాను. సోకితే మాకే ఎందుకు ముప్పో ఒక్క ముక్కైనా రాయాల్సింది. ఈ వైరస్ ఊపిరితిత్తుల లోతుకి దిగి న్యుమోనియా తెచ్చే ప్రమాదం ఉంది. వయసు మీదపడితే ఒంట్లో పోరాడే శక్తి ఆలస్యంగా మేలుకుంటుంది. షుగర్ అదుపు తప్పితే తెల్లకణాలు సరిగా పనిచేయవు. ఆస్తమా, సీఓపీడీ (ఏళ్ల తరబడి ఊపిరి ఆడనివ్వని ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్లకు ఊపిరి అసలే అంతంత మాత్రం. ఆక్సిజన్ పడిపోతే ఆ భారం గుండె మీద, కిడ్నీల మీద పడుతుంది.

పైగా మా వయసులో జ్వరం రాకపోవచ్చు. పోయిన చలికాలం మావారికి మామూలు ఫ్లూ వచ్చింది. థర్మామీటర్ 98 దగ్గరే ఆగిపోయింది. దగ్గు, తిండి వద్దనడం, పిల్లల పేర్లు తడబడటం, అంతే. ‘జ్వరం లేదు కదమ్మా’ అని క్లినిక్‌లో వెనక్కి పంపేశారు. మూడో రోజు ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. ఫ్లూకి ఇచ్చే ఒసెల్టామివిర్ మందు లక్షణాలు మొదలైన మొదటి 48 గంటల్లో పడితేనే బాగా పనిచేస్తుందని అప్పుడు చెప్పారు. బర్డ్ ఫ్లూకి ఇచ్చేదీ అదే మందు.

కోళ్లు చచ్చిపోతే ఎన్నింటిని పూడ్చారో, నష్టమెంతో అధికారులు లెక్క చెబుతారు. మనుషుల్లో ఎవరు జాగ్రత్తపడాలో చెప్పే కరపత్రం ఒక్కటీ కనపడదు. ఒక ఆఫీసుకి ఫోన్ చేస్తే అది మా విభాగం కాదన్నారు. ఇంకో నంబరిచ్చారు, అక్కడ ఎవరూ ఎత్తలేదు. మామూలు ఫ్లూ టీకా బర్డ్ ఫ్లూని ఆపదు, అయినా రెండూ ఒకేసారి పట్టుకునే ముప్పు తగ్గుతుంది కాబట్టి వేయించుకోవాలి. ఆ మాటైనా ఎవరూ చెప్పరే!

కనీసం మీరు చెప్పండి. చచ్చిన పక్షిని ఉత్త చేతులతో ముట్టుకోవద్దని రాయండి. కోళ్లు పెంచే ఇంట్లో పెద్దవాళ్లకు కళ్లు ఎర్రబడినా, ఆయాసం వచ్చినా జ్వరం కోసం ఎదురుచూడకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, పక్షుల సంగతి ముందే చెప్పమని రాయండి. కాస్త పెద్ద అక్షరాల్లో వేయండి. మా కళ్లకు చిన్నవి ఆనవు.

– ఒక పాఠకురాలు