మన తెల్ల బండి ఇప్పుడే మార్చడం లేదు, ఎందుకంటే

అందరికీ నమస్కారమండి. బండి మార్చేస్తున్నావటగా అని రెండు నెలలుగా ఎక్కేవాళ్లంతా అడుగుతున్నారు. ఒకరికి అవునన్నాను, ఒకరికి చూడాలన్నాను. అలా తలో మాట చెప్పడం పద్ధతి కాదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు అరకు సంగతి చెప్పాలి. మన బండి హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజినుతో పాటు బ్యాటరీతో తిరిగే మోటారు కూడా ఉన్నది. విశాఖ మురళీనగర్ నుంచి ఒక కుటుంబాన్ని కిరాయికి తీసుకెళ్తుంటే, అనంతగిరి ఎక్కుడులో మీటరు మీద హైబ్రిడ్ హెచ్చరిక లైటు వెలిగింది. బండి లాగడం తగ్గిపోయింది. కాఫీ తోటల దగ్గర పక్కకు తీసి, నలభై నిమిషాలు చల్లారనిచ్చి, నెమ్మదిగా పైకి చేర్చాను. లోపల డెబ్బై దాటిన పెద్దాయన ఉన్నారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కిరాయి తీసుకోలేదు గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు నాదే. ఈ బండికి పెద్ద బ్యాటరీ వెనక సీటు వెనకాల ఉంటుంది. దాన్ని చల్లబరచడానికి ఒక ఫ్యాను, మనం కూర్చునే చోటి ఏసీ గాలినే లోపలికి పీలుస్తుంది. ఆ ఫ్యానులో ఏళ్ల తరబడి దుమ్ము, వెంట్రుకలు, శాలువాల నూగు పేరుకుపోయాయి. ప్రతి సర్వీసులో ఆయిలు, బ్రేకులు చూపించుకున్నాను, దీన్ని మాత్రం ఒక్కసారీ విప్పించలేదు. ఎక్కుడులో బ్యాటరీ మీద బరువు పడుతుంది, వేడెక్కుతుంది. గాలి అందకపోతే బండి తనను తాను కాపాడుకోవడానికి శక్తి తగ్గించేస్తుంది. ఆ రోజు జరిగింది అదే.

ఫ్యాను శుభ్రం చేశాక షెడ్డులో బ్యాటరీని స్కానర్ పెట్టి చూపించాను. లోపల సెల్స్ కొన్ని కలిపి ఒక్కో బ్లాకుగా ఉంటాయి. బండి లాగుతున్నప్పుడు రెండు బ్లాకుల వోల్టేజీ మిగతావాటికంటే ముందే పడిపోతోంది. 2016 బండి, 1,86,000 కిలోమీటర్లు తిరిగింది. ఒకప్పుడు సిటీలో 17 ఇచ్చిన మైలేజీ ఇప్పుడు 13 దగ్గర ఆగుతోంది. బీచ్ రోడ్డులో, భీమిలి దారిలో తిరిగే బండి కదా, ఉప్పు గాలికి అడుగు భాగం ఏమైందోనని భయపడ్డాను. సైలెన్సర్ దగ్గర పైపై తుప్పు తప్ప ఛాసిస్ గట్టిగానే ఉంది. వారం వారం కింద మంచినీళ్లు కొట్టించినందుకు ఫలితం దక్కింది.

అప్పుడు కొత్తదాని గురించి ఆలోచన మొదలైంది. ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ చూశాను, నడిపాను. 2 లీటర్ల ఇంజిను, కంపెనీ చెప్పే మైలేజీ 23.24. హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ. బండి నాకు చాలా నచ్చింది, అది దాచను. జీఎస్టీ తగ్గిందిగా, ఇంకా ఆలోచనేంటని కొందరు అన్నారు. తగ్గిన మాట నిజమే. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలాంటి పెద్ద హైబ్రిడ్ల మీద సెస్సుతో కలిపి 43 శాతం ఉన్న పన్ను 40 అయింది. ఎలక్ట్రిక్ బండికైతే 5 శాతమే. కానీ అర్ధరాత్రి అరకు నుంచి ఫోన్ వస్తే చార్జింగ్ ఎంతుందో చూసుకుని బయలుదేరే ధైర్యం నాకింకా లేదు.

ఇక లెక్క. నేను నెలకు 2,500 కిలోమీటర్లు తిరుగుతాను. ఇప్పుడు 13 మైలేజీకి 192 లీటర్లు పోస్తున్నాను. కొత్తది సిటీలో 18 ఇస్తుందనుకుంటే 139 లీటర్లు చాలు. లీటరు 108 రూపాయల చొప్పున నెలకు 5,700 మిగులుతుంది. పాతది అమ్మి, చేతిలో ఉన్నది వేసినా 20 లక్షలు అప్పు చేయాలి. పది శాతం వడ్డీకి అయిదేళ్లంటే నెల వాయిదా 42,500. పెట్రోలులో మిగిలింది తీసేసినా కిలోమీటరుకు 14, 15 రూపాయలు అదనంగా పడుతుంది. అది నేను పెట్టుకోలేను, మీ మీదే వేయాలి.

పెందుర్తి నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు ఆరిలోవ హెల్త్ సిటీకి వచ్చే బాబాయిగారు ఉన్నారు. రానూ పోనూ 40 కిలోమీటర్లు. ఆయనకు ట్రిప్పుకు 600, వారానికి 1,800 పెరుగుతుంది. ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడే నా మనసు తేలిపోయింది.

అయినా ఒక్క విషయం నన్ను ఇప్పటికీ లాగుతోంది. మోకాలి ఆపరేషన్ అయిన ఒక అమ్మగారు మొన్న దిగుతూ, "నాయనా, సీటు కిందకుంది, లేవలేకపోతున్నాను" అన్నారు. హైక్రాస్‌లో సీటు ఎత్తు ఆవిడకు సరిపోతుంది. మైలేజీకి కాదు, అలాంటివాళ్ల కోసమే కొత్త బండి కొనాలనిపిస్తోంది. ప్రస్తుతానికి గట్టి దిండు ఒకటి కుట్టించాను. ఎక్కించేటప్పుడు, దింపేటప్పుడు చేయి పట్టుకోవడం నా పని, మొహమాటపడకండి.

పాత హైబ్రిడ్‌లో వదులుకోలేని సుఖం కూడా ఒకటుంది. ఆస్పత్రి బయట గంటసేపు ఆగినా ఏసీ బ్యాటరీ మీద నడుస్తుంది. ఇంజిను మధ్యమధ్యలో కాసేపు తిరిగి ఆగిపోతుంది. లోపల పడుకున్నవాళ్లకు చప్పుడు, అదురు ఉండవు.

అందుకే కొత్త బ్యాటరీ వేయిస్తున్నాను. పాడైన సెల్స్ మాత్రం మారిస్తే చవకలో అయిపోతుందని ఒకచోట చెప్పారు. కొత్తవి వేసిన కొన్నాళ్లకే పక్కనున్న పాతవి పోతాయి, మళ్లీ ఘాట్ రోడ్డులో మీరే ఇబ్బంది పడతారు. మొత్తం సెట్టు మారుస్తున్నాను. ఖర్చు కొత్త బండికి ఏడు నెలల వాయిదాలంత. మీ రేటు మాత్రం పెంచను.

వచ్చే సోమవారం నుంచి గురువారం దాకా బండి షెడ్డులో ఉంటుంది. డయాలసిస్, కీమో ట్రిప్పులకు మా బావ రెండో బండి తెస్తాడు, ఒక్కటీ ఆగదు. అరకు, లంబసింగి బుకింగులు మాత్రం కొత్త బ్యాటరీతో నేను ఒక్కణ్ణే ఘాట్ ఎక్కి దిగి చూసుకున్నాకే తీసుకుంటాను. ఎక్కినప్పుడు వెనక సీటు దగ్గరున్న గాలి జాలీ మీద దుప్పట్లు, సంచులు పెట్టకండి, డిక్కీలో చోటు చేసి పెడతాను. ఆ నాలుగు రోజుల్లో ఎవరికైనా డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంటే ఆదివారం సాయంత్రంలోపు ఫోన్ చేయండి.