కొలీసియం మ్యాచ్ రోజుల పొట్లాలు ఇక ఉండవు: మా ఖాతాదారులకు విన్నపం

ఫ్రీమాంట్‌లోని మా టిఫిన్ సెంటర్‌కు వచ్చే మీ అందరికీ నమస్కారం. బేస్‌బాల్ సీజన్ దగ్గర పడుతుండటంతో, మ్యాచ్ రోజు పొట్లాలు ఎప్పటి నుంచి ఇస్తారని చాలామంది అడుగుతున్నారు. ఇక మీదట అవి ఉండవు. అథ్లెటిక్స్ అనే బేస్‌బాల్ జట్టు 2024 సెప్టెంబర్ 26న తన సొంత మైదానమైన ఓక్లాండ్ కొలీసియంలో చివరి ఆట ఆడి, 46,889 మంది ప్రేక్షకుల ఎదుట టెక్సస్ రేంజర్స్‌ను 3-2తో గెలిచి, ఆ మైదానాన్ని విడిచి వెళ్లిపోయింది. లాస్ వేగాస్‌లో కొత్త స్టేడియం సిద్ధమయ్యేవరకు ఆ జట్టు ఆటలు వెస్ట్ శాక్రమెంటోలో జరుగుతాయి.

పులిహోర, గారెలు, కొబ్బరి పచ్చడి ఉన్న ఆ పొట్లాన్ని మీలో కొందరు బార్ట్ రైలులో, కొందరు కారులో తీసుకువెళ్లి, ఆట మొదలయ్యేలోపు పార్కింగ్ స్థలంలో పక్కవాళ్లకు కూడా పంచిపెట్టేవారు. వేసవిలో మా వారాంతపు అమ్మకాల్లో పెద్ద భాగం వాటి నుంచే వచ్చేదన్న మాట మీ దగ్గర దాచను. అయినా ధరలు పెంచడం లేదు, వంటగదిలో ఎవరినీ పనిలోంచి తీసేయడం లేదు. ఆ లోటును వారం మధ్యలో ఆఫీసులకు పంపే భోజనాలతో పూడ్చుకోవాలని చూస్తున్నాం.

శాక్రమెంటోకు పొట్లాలు పంపవచ్చు కదా అని అడిగినవారు ఉన్నారు. దూరం ఒక ఇబ్బందే గాని అసలు కారణం అది కాదు. ఆ పొట్లం కొలీసియం కోసం పుట్టింది.

క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని నేను బేస్‌బాల్ నేర్చుకున్నది అక్కడి చవక సీట్లలోనే. 1966లో తెరిచిన ఆ కాంక్రీటు కట్టడం అందమైనదని ఎవరూ అనరు; 1990ల మధ్యలో అమెరికన్ ఫుట్‌బాల్ కోసం కట్టిన ఎత్తైన స్టాండు వెనకున్న కొండలను కప్పేసింది, మురుగు కాలువ పొంగి ఆటగాళ్ల గదుల్లోకి నీళ్లు వచ్చిన రోజులూ ఉన్నాయి. కానీ రైలు దిగి వంతెన మీద నడిస్తే నేరుగా గేటు ముందుంటాం, బయటి స్టాండ్లలో అభిమానులు కొట్టే డ్రమ్ముల మోత మా ఊరి జాతరలో డప్పుల్లా గుండెకు తగిలేది. ఓక్లాండ్‌లో పెరిగిన అథ్లెటిక్స్ ఆటగాడు రికీ హెండర్సన్ 1991 మే 1న తన 939వ బేస్‌ను దొంగిలించి (బంతి విసిరేవాడి కన్నుగప్పి తర్వాతి మజిలీకి పరుగెత్తి చేరడాన్ని అలా అంటారు), అంతకుముందు ఆటగాడు లూ బ్రాక్ పేరిట ఉన్న రికార్డును దాటింది అక్కడే. 2002లో మన జట్టుకున్న 11-0 ఆధిక్యం మొత్తం చేజారిపోయాక, చివరి ఇన్నింగ్స్‌లో స్కాట్ హాటెబర్గ్ బంతిని మైదానం దాటించే హోమ్ రన్ కొట్టి వరుసగా 20వ విజయం అందించిందీ అక్కడే. 2017లో ఆ మైదానానికి హెండర్సన్ పేరే పెట్టారు; చివరి ఆట ముగిసిన మూడు నెలలలోపే ఆయన కూడా కన్నుమూశారు.

జనం రాకపోవడం వల్లే జట్టు వెళ్లిపోయిందన్న మాటను నేను ఒప్పుకోను. 2023 జూన్ 13న, మామూలుగా సీట్లు ఖాళీగా ఉండే ఒక మంగళవారం రాత్రి, జట్టును అమ్మేయమని యజమానిని కోరడానికి 27,759 మంది వచ్చారు. మంచి ఆటగాళ్లను ఒక్కొక్కరిగా వదులుకుంటూ టికెట్ ధర పెంచితే ఏ ఊరి అభిమాని అయినా తగ్గుతాడు; ఓక్లాండ్ అభిమాని అప్పుడు కూడా పూర్తిగా వదిలిపెట్టలేదు.

మీ దగ్గర మిగిలిపోయిన మ్యాచ్ రోజు కూపన్లను దయచేసి పారవేయకండి. ఏ రోజైనా, ఏ టిఫిన్‌కైనా అదే విలువకు తీసుకుంటాం, డబ్బు కావాలన్నవారికి కౌంటర్ దగ్గరే తిరిగి ఇస్తాం. పొట్లాల కోసం ఆదివారాలు పెందలాడే తెరిచే షాపు ఇక నుంచి ఉదయం 8 గంటలకు తెరుస్తాం.