పైపు మొదలెడతానన్న బావకి

బరంపురం,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. బల్లార్షా ఎండల గురించి, చెల్లెమ్మ మోకాళ్ల నొప్పుల గురించి పేజీలకు పేజీలు రాసి, చివర్లో గుట్టుగా "పైపు కాల్చడం ఎలా మొదలెట్టాలో చెప్పరా" అన్నావు. అసలు సంగతి అదేనని నాకు తెలీదనుకున్నావా? సిగరెట్ మానేసి పైపు పట్టుకుంటే డాక్టరూ ఊరుకుంటాడు, చెల్లెమ్మా ఊరుకుంటుందని నీ లెక్క.

ముందు ఆ లెక్క తేలుద్దాం. సిగరెట్ మానడానికి పైపు మందు కాదు. పైపు పొగని ఊపిరితిత్తుల్లోకి పీల్చరు, నోట్లో తిప్పి వదిలేస్తారు. ఆ పొగకి క్షారగుణం ఎక్కువ, అందుకని నికోటిన్ నోటి లోపలి పొరలోంచే రక్తంలో కలుస్తుంది. సిగరెట్ పొగ అలా కలవదు, లోపలికి లాగితేగానీ దాని పని అవదు. ఏళ్ల తరబడి లాగిన ఛాతీ నీది. చేతికి పైపు ఇచ్చినా అలవాటు కొద్దీ లోపలికే లాగుతావు. సిగరెట్ వదిలి పైపుకొచ్చినవాళ్లలో చాలామంది చేసేదదే, అప్పుడు ఒరిగేదేమీ లేదు. పోనీ లాగకుండా నిగ్రహించుకున్నా పెదవికి, నాలుకకి, గొంతుకి కేన్సర్ భయం ఉండనే ఉంది. మన వీధి ముసలమ్మలు చుట్టకి నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, అలాగే కబుర్లు చెప్పుకుంటూ కూర్చునేవారు, గుర్తుందా? శ్రీకాకుళం, విశాఖ వైపు డాక్టర్లు పరిశీలించి చూస్తే అంగిలి మీద కేన్సర్ ఆ అలవాటున్నవాళ్లలోనే ఎక్కువగా కనబడింది. కాబట్టి ముందు సిగరెట్ మానెయ్. తర్వాత కూడా సరదా మిగిలుంటే ఈ ఉత్తరం మళ్లీ తీసి చదువుకో. ఆ సరదా కాస్తా పోతే మరీ మంచిది, డబ్బు మిగులుతుంది.

సరే, చెప్పాల్సింది చెప్పాను. నువ్వెలాగూ వినవు.

పైపు సంగతి త్వరగా తేలిపోతుంది. మంచివాటిని బ్రయర్ కర్రతో చేస్తారు. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల ఎరికా ఆర్బోరియా అనే పొద పెరుగుతుంది, దాని మొదట్లో ఒక గడ్డ కడుతుంది. ఆ గడ్డని తవ్వి, గంటల తరబడి ఉడకబెట్టి, నెలల తరబడి ఆరబెట్టి, అప్పుడు తొలుస్తారు. నిప్పుకి ఓర్చుకునే కర్ర అది. ఫ్రాన్స్‌లో సెయింట్ క్లోడ్ అనే ఊరు ఈ పనికి పేరు. కాకపోతే ఖరీదు. నువ్వు మొక్కజొన్న కండె పైపుతో మొదలెట్టు. అమెరికాలో మిస్సోరీ మీర్‌షామ్ వాళ్లు 1869 నుంచీ ఇవే చేస్తున్నారు. ఫొటోల్లో అమెరికా సైన్యం జనరల్ మెకార్థర్ నోట్లో కనబడేది కండె పైపే. చవక, మొదటి రోజు నుంచే రుచి బాగుంటుంది, పాడైనా మనసు కష్టపెట్టుకోనక్కర్లేదు. అది దొరికేదాకా ఆగు గానీ బీచ్‌ల దగ్గర, తీర్థాల్లో అమ్మే నున్నటి చెక్క పైపు మాత్రం కొనకు. అవి షోకేసులో పెట్టుకోడానికి. కొన్నింటికి గిన్నె (పొగాకు కూరే భాగం) లోపల కూడా వార్నిష్ పూసేస్తారు, నిప్పు పెడితే ముందు నీ నోట్లోకొచ్చేది అదే.

పొగాకు దగ్గర కాస్త ఓపిగ్గా విను. "మన దగ్గర పండని పొగాకా?" అంటావు. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో వర్జీనియా రకం పండుతుంది, బేరన్లలో వేడిగాలికి పసుపు తిరిగేదాకా ఆరబెడతారు. రాజమండ్రిలో పొగాకు పరిశోధన సంస్థ 1947లోనే పెట్టారు, గుంటూరులో పొగాకు బోర్డు 1976 నుంచి ఉంది. అన్నీ ఉన్నా ఆ సరుకు ఎక్కువగా సిగరెట్లకీ ఎగుమతికీ పోతుంది. పైపు కోసం కలిపి, మగ్గబెట్టి, కోసిన పొగాకు మనకి చాలామటుకు బయటి దేశాల డబ్బాల్లోనే దొరుకుతుంది. పన్నులన్నీ కలిసిన ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. అప్పుడు "లంక చుట్ట విప్పి, నలిపి, కూరేస్తే పోలా" అని నీకు తట్టి తీరుతుంది. వద్దు బావా. ఆ ఘాటుకి గిన్నె సగం కాకముందే నువ్వు మంచమెక్కుతావు.

వర్జీనియాలో చక్కెర ఎక్కువ, అందుకే వేడిగా మండుతుంది, కొత్తవాడి నాలుక భగ్గుమంటుంది. బర్లీ అనే ఇంకో రకంలో చక్కెర దాదాపు ఉండదు, నిదానంగా కాలుతుంది, వేయించిన గింజల రుచి. నువ్వు బర్లీ ఎక్కువున్న మిశ్రమం ఏదైనా తెప్పించుకో. వెనిల్లా, చెర్రీ వాసనల డబ్బాలు చూసి మోజుపడకు. వాటి సువాసన పక్కింటివాళ్లకి, తడి మాత్రం నీకు. గొట్టంలో నీళ్లు చేరి గురగురమంటుంది. లటాకియా అని ఇంకోటుంది, ఒకప్పుడు సిరియాలో, ఆ తర్వాత సైప్రస్‌లో, కట్టెల పొగలో మగ్గబెట్టిన ఆకు. నాకు ప్రాణం. మా ఇంట్లో మాత్రం డబ్బా మూత తియ్యగానే కిటికీలన్నీ తెరుచుకుంటాయి.

ఇక్కడే మన రెండు ఊళ్లకీ తేడా ఉంది. మాకు గోపాల్‌పూర్ సముద్రం పక్కనే, వానాకాలంలో బీరువాలో బట్టలకే బూజు పడుతుంది, పొగాకుకి పట్టదా? నేను కాల్చబోయే చిటికెడు ముందే కాగితం మీద పరిచి ఫ్యాన్ కింద పెడతాను. మీ చంద్రపూర్ జిల్లాలో వేసవి 45 డిగ్రీలు దాటుతుంది, డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే చాలు, పొగాకు పొడైపోతుంది. పొడి పొగాకు సర్రున మండి నోరు కాలుస్తుంది. రబ్బరు వాషరున్న గాజు సీసాలో పోసి నీడపట్టున దాచు. వేళ్ల మధ్య నొక్కి వదిలితే మెల్లిగా విచ్చుకోవాలి. ముద్దగా ఉండిపోతే తడి ఎక్కువని, చిటపటా విరిగితే ఆరిపోయిందని.

గిన్నె నింపడానికి పాతవాళ్ల సూత్రం ఒకటుంది. మూడు విడతలుగా వెయ్యాలి. మొదటిది పసివాడి చేత్తో నొక్కినట్టు, రెండోది ఆడమనిషి చేత్తో, మూడోది మగవాడి చేత్తో. (మీ ఇంట్లో చివరి రెండూ తారుమారు చేసుకోవాలి, నాకు తెలుసు.) వెలిగించకముందే ఒకసారి గాలి లాగి చూడు, షర్బత్ గ్లాసులో స్ట్రా పెట్టి లాగినంత తేలిగ్గా రావాలి. బిగిస్తే మొత్తం దులిపేసి మళ్లీ నింపు. తర్వాత అగ్గిపుల్ల గీసి, దాని మందు పూర్తిగా మండిపోయాక, గిన్నె మీద గుండ్రంగా తిప్పు. పెట్రోలు లైటర్ వద్దు, ఆ వాసన పొగాకుకి పడుతుంది. వెలగగానే పైన పొగాకు ఉబ్బి లేస్తుంది. మెల్లిగా అదిమి, మళ్లీ వెలిగించు. ఆ రెండోదే అసలు వెలిగింపు.

ఇప్పుడు నీకు అన్నిటికంటే కష్టమైనది. తొందరపడకు. రైలు అందుకునేవాడిలా టీ తాగే మనిషివి నువ్వు, పైపు దగ్గర అది కుదరదు. చిన్న గుక్క, ఆగడం, మళ్లీ చిన్న గుక్క. పొగ గుప్పుగుప్పున రావాలన్న కోరిక వదులుకో. సన్నగా, ఉందో లేదో అన్నట్టు వస్తేనే రుచి తెలుస్తుంది. గిన్నె బుగ్గకి ఆనించి చూడు, ఓర్చుకోలేనంత వేడిగా ఉంటే కింద పెట్టెయ్. ఆరిపోతే ఆరిపోయింది, మళ్లీ వెలిగించుకోవచ్చు, ఏళ్లుగా కాలుస్తున్నవాళ్లకీ ఆరిపోతుంది. నాలుక మండటం, నోరు చేదెక్కడం, గొట్టంలో నీరు చేరడం, వీటిలో చాలామటుకు తొందర వల్లే వస్తాయి. దానికి పొగాకు మార్చి, పైపు మార్చి డబ్బు తగలేసేవాళ్లని చూశాను. నిదానిస్తే రూపాయి ఖర్చు లేకుండా పోయే బాధ.

ఖాళీ కడుపుతో కాల్చకు. భోజనం చేశాక, కుర్చీలో కూర్చుని, సగం గిన్నె చాలు. చల్లచెమటలు పట్టి, కడుపులో తిప్పితే అది నికోటిన్. వెంటనే ఆపి, కాస్త బెల్లంముక్క నోట్లో వేసుకుని కూర్చో.

అయ్యాక, పూర్తిగా చల్లారితేనే బూడిద దులుపు. వేడి మీద గొట్టం ఊడదీస్తే విరుగుతుంది. నూలు చుట్టిన తీగ ఒకటి అమ్ముతారు, దాన్ని గొట్టంలో దూర్చి తుడిచి, ఒక రోజు పైపుకి సెలవివ్వు. తర్వాతెప్పుడైనా బ్రయర్ కొంటే దాని గోడలకి మసి పొర కట్టనివ్వు, ఒకటిన్నర మిల్లీమీటర్ దాటితే గీకెయ్, లేకపోతే వేడికి ఆ పొర ఉబ్బి గిన్నె పగులుతుంది.

ఇంకోటి, స్టేషన్‌లో, ఆఫీసులో స్టయిలుగా వెలిగించకు. 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగ తాగడం మీద నిషేధం గట్టిగా అమలవుతోంది, 200 రూపాయల దాకా జరిమానా. పైగా పైపు చూసి గంజాయి చిలుం అనుకునే కానిస్టేబుల్ తగిలితే ఆ టెన్షన్ వేరు.

బరంపురం అప్పడాలూ మాగాయా పార్సిల్ కట్టించాను, రేపు పంపిస్తాను. మాగాయలో కారం ఎక్కువే పడింది, చెల్లెమ్మకి ముందే చెప్పు. పొగాకు మాత్రం పంపను, అడక్కు. మా ఊరి ఠాకురాణి యాత్రకి వస్తానన్నావు, టికెట్లు ఎప్పుడు తీస్తున్నావో రాయి.

నీ
బావ