చెరువులో బ్లీచింగ్, కప్పల ఒంటి మీద దెబ్బ

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో మా చెరువు ఫొటో వేసి, దోమల నివారణకు బ్లీచింగ్ చల్లి మంచి పని చేశారని రాశారు. కప్పల ఒంటి నిండా ప్రమాదకరమైన సూక్ష్మజీవులుంటాయని ఒక అధికారి అన్న మాటనూ అలాగే అచ్చేశారు. నాలుగు రోజులు ఓర్చుకున్నాను. ముప్పై ఏళ్లు జువాలజీ పాఠాలు చెప్పినవాడిని, ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

కప్ప చర్మం మీద బ్యాక్టీరియా ఉంటుంది, ఉండాలి కూడా. కప్పకు నీళ్లు ఒంట్లోకి చేరేది ఆ చర్మం గుండానే, కొంత ఊపిరి కూడా దాంతోనే. చర్మం మీది జిగురులో బతికే బ్యాక్టీరియాలో కొన్ని కైట్రిడ్ అనే శిలీంధ్రాన్ని అడ్డుకుంటాయి. ప్రపంచం మొత్తం మీద 500కు పైగా ఉభయచర జాతులు ఆ శిలీంధ్రం వల్ల తగ్గిపోయాయని, వాటిలో 90 అంతరించినట్టేనని 2019లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు.

ఈ బ్యాక్టీరియా కప్పకు చాలావరకు చుట్టూ ఉన్న నీళ్ల నుంచి, మట్టి నుంచే అందుతుంది. అలాగని నీళ్లలో ఉన్నదంతా ఒంటికి పట్టదు. ఒకే మడుగులో ఉన్న రెండు జాతుల కప్పల మీద రెండు తీర్లుగా ఉంటుంది. నీళ్లలో వెతికినా దొరకనంత తక్కువగా ఉన్న రకం చర్మం మీద గుంపులుగా పెరుగుతుంది. ఏది నిలవాలో, ఏది పోవాలో ఆ జిగురులోని రసాయనాలు కూడా తేలుస్తాయి. తోకకప్పగా ఉన్నప్పుడు ఉన్నవి కాళ్లొచ్చి గట్టెక్కాక అలాగే ఉండవు. పై పొర ఊడినప్పుడల్లా కొంత పోతుంది, మళ్లీ నిండాలి. నిండాల్సిన ఆ నీళ్లలోనే బస్తాలు గుమ్మరించారు!

మర్నాడు పొద్దున్నే మత్తడి దగ్గరికి వెళ్లాను. రాళ్ల సందుల్లో తెల్లపొడి గడ్డకట్టి ఉంది. ఒక గోదురుకప్ప నీళ్లు వదిలి ఎండిన రాయి మీద కూర్చుంది. ముట్టుకున్నా కదల్లేదు, వేళ్లకు జిగురు అంటలేదు. నీటి అంచున తోకకప్పలు వెల్లకిలా తేలుతున్నాయి. వానలు రాకపోతే రోకలికి కప్పను కట్టి, వేపాకులు వేసి, ఇంటింటా బిందెలతో నీళ్లు పోయించిన ఊళ్లు మనవి. ఆ కప్పకు ఈ గతి పట్టించారు.

దోమలను వదిలేయమని నేననడం లేదు. దోమలు పుడుతున్నది మురుగు కాల్వల్లో. ఆ కాల్వల పూడిక తీయమని ప్రజావాణిలో రెండుసార్లు అర్జీ ఇచ్చాను, రసీదులు నా దగ్గరే ఉన్నాయి, పూడిక కాల్వలోనే ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ఊళ్లో కమిటీ ఉండాలి, ఏ చెట్టు ఏ జీవి ఉందో రిజిస్టర్ రాయాలి. చూపించమని అడిగితే బీరువా తాళం లేదన్నారు. హైదరాబాద్ మురుగంతా మోసుకొచ్చే మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా మన పొలాల పక్కనే పారుతుంటే పట్టించుకున్నవారు లేరు గానీ, ఒక్క పూటలో చెరువును పాడుచేయడానికి మాత్రం అందరికీ తీరిక దొరికింది.

ఆ వార్తకు మీరు సవరణ వేయాలి. ఎన్ని బస్తాలు పోశారో, ఎవరు పోయమన్నారో పంచాయతీ బోర్డు మీద రాయించాలి. మిగిలిన బస్తాలు ఇంకా ఆఫీసు వరండాలోనే ఉన్నాయి. వచ్చే వారం మళ్లీ చల్లుతామంటున్నారు.

ఇట్లు,
రిటైర్డ్ జువాలజీ లెక్చరర్,
నల్లగొండ జిల్లా