స్థానిక సంగీతాన్ని నమోదు చేసేవారి గోడు

సంపాదకులు గారికి,

నమస్కారం. చిన్న వేదికల మీద జరిగే సంగీత కార్యక్రమాల గురించి, అక్కడ పాడేవారి గురించి, వాయించేవారి గురించి ఏ సంస్థ తరఫునా కాకుండా కేవలం ఇష్టంతో రాస్తూ వస్తున్న పాఠకుల్లో నేనొకడిని. ఈ పనిలో ఎదురయ్యే ఇబ్బందులను మీ పత్రిక ద్వారా నిర్వాహకుల దృష్టికీ కళాకారుల దృష్టికీ తేవాలని, మీకు కూడా ఒక విన్నపం చేసుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను. ఇందులో డబ్బు రాదన్న సంగతి ఈ పనికి పూనుకునే వారందరికీ ముందే తెలుసు గనుక దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. చదివేవారు తక్కువన్న దిగులు కూడా లేదు. స్థానిక సంగీతాన్ని నడుపుతున్నవారే తాము చేస్తున్నది పదికాలాల పాటు నమోదై ఉండవలసిన పని అని అనుకోకపోవడమే నన్ను బాధిస్తున్నది.

ఒక కార్యక్రమం కరపత్రాన్ని చూడండి. పైన నిర్వహించే సంస్థ పేరు, అడుగున ఆర్థిక సహాయం చేసినవారి చిహ్నాలు, మధ్యలో పాడేవారి ఫొటో, దాని కింద వారి పేరు, పేరు పక్కన ‘బృందం’ అని ఉంటాయి. ఆ బృందంలో కీబోర్డు ఎవరిదో, వయొలిన్ ఎవరిదో, తాళవాద్యం ఎవరు వాయిస్తారో ఆ కాగితం మీద ఎక్కడా కనిపించదు. మర్నాడు నిర్వాహకులకు ఫోన్ చేసి అడిగితే, “వాళ్లను ఆయనే వెంట తెచ్చుకున్నారండీ, ఆయన్నే అడగండి” అంటారు. ఆయన్ను అడిగితే, “మా మామూలు డ్రమ్మర్ ఆ రోజు రాలేదండీ, ఎవరో కుర్రాడు వచ్చాడు, బాగానే వాయించాడు” అంటారు. రెండు గంటల సేపు కచేరీని తన చేతుల మీద నిలబెట్టిన ఆ కుర్రాడి పేరు అంతటితో పోయినట్టే. పేరు సంపాదించడానికి రోజుల తరబడి తిరిగి, తీరా దొరికాక, ఇంటిపేరు తప్పు పడిందని ఆ కుర్రాడి స్నేహితులే ఆక్షేపించిన సందర్భాలున్నాయి. ఆ ఆక్షేపణలో న్యాయముంది. కానీ ఆ పేరును సరిగ్గా రాసి ఇచ్చే బాధ్యత ఎవరిదో వారూ ఆలోచించాలి.

పేర్ల తరవాత తేదీ. కరపత్రాల మీద తేదీ ఉంటుంది, నెల ఉంటుంది, శనివారమో ఆదివారమో ఉంటుంది, సంవత్సరం మాత్రం ఉండదు. అచ్చు వేసేనాటికి అది ఏ ఏడాదో అందరికీ తెలుసు గనుక వేయడం అనవసరమని అనుకుంటారు కాబోలు. పదేళ్ల తరవాత ఆ కాగితం ఏ పాత పెట్టెలోనో దొరికినప్పుడు, ఆ తేదీ ఆ వారంతో ఏయే సంవత్సరాల్లో కలిసిందో క్యాలెండరు ముందేసుకుని వెతకాలి. ఒకే తేదీ అదే వారంలో సాధారణంగా అయిదేళ్లకో, ఆరేళ్లకో, పదకొండేళ్లకో మళ్లీ వస్తుంది గనుక రెండు మూడు సంవత్సరాలు మిగులుతాయి. అప్పుడిక కింద ఉన్న ఫోన్ నంబరు ఎవరు ఎప్పటి వరకు వాడారో, ఆర్థిక సహాయం చేసిన సంస్థ చిహ్నం ఎప్పుడు మారిందో ఆరా తీసి ఒక నిర్ధారణకు రావాలి. నాలుగు అంకెలు అచ్చు వేసి ఉంటే ఈ శ్రమ ఎవరికీ ఉండేది కాదు. ఇటీవల ఆ కాగితం కూడా ఉండడం లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో 24 గంటల్లో తనంతట తానే మాయమయ్యే ‘స్టోరీ’లు 2016లో వచ్చాయి. చాలా బృందాలు తమ కార్యక్రమాన్ని ఇప్పుడు అందులో మాత్రమే ప్రకటిస్తున్నాయి. కార్యక్రమం మొదలయ్యేసరికే ప్రకటన లేకుండా పోతున్నది.

చిన్న వేదికల సంగతి ఎవరికి కావాలని అడిగేవారు ఉంటారు. 1900 ప్రాంతంలో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో బడీ బోల్డెన్ అనే కార్నెట్ (ట్రంపెట్ వంటి ఊదే వాద్యం) వాద్యకారుడు నృత్యశాలల్లోనూ పార్కుల్లోనూ వాయించేవాడు. ఆనాడు అది ఆ ఊరివారికి మాత్రమే తెలిసిన సంగీతం. తరవాత ప్రపంచమంతా జాజ్ అని పిలుచుకున్న సంగీతానికి ఆద్యుల్లో ఒకడిగా ఆయనను ఇప్పుడు లెక్కిస్తున్నారు. ఆయన 1907లో మానసిక వ్యాధితో ఆసుపత్రి పాలయ్యాడు, 1931లో అక్కడే కన్నుమూశాడు. జాజ్ పేరుతో తొలి రికార్డు వెలువడింది 1917లో. ఆయన వాద్యం ఎలా ఉండేదో వినడానికి మనకు ఒక్క రికార్డు కూడా మిగల్లేదు. మిగిలినవల్లా బృందంతో దిగిన ఒకే ఒక ఫొటో, విన్నవారు దశాబ్దాల తరవాత చెప్పిన జ్ఞాపకాలు. ఆ ఫొటో మీద కూడా సంవత్సరం లేదు గనుక ‘1905 ప్రాంతం’ అని రాసుకోవలసి వస్తున్నది. ఆ కాలంలో ఆ ఊళ్లో ఎవరైనా వారం వారం ఎవరు ఎక్కడ వాయించారో నాలుగు ముక్కలు రాసి పెట్టి ఉంటే ఒక సంగీత సంప్రదాయపు పుట్టుక గురించి ఇన్ని ఊహాగానాలు అవసరమయ్యేవి కావు.

ఇందుకు భిన్నమైన సంఘటన కూడా ఉంది. 1957 జూలై 6న ఇంగ్లండులోని లివర్‌పూల్ శివారు వూల్టన్‌లో జరిగిన చర్చి ఉత్సవంలో జాన్ లెనన్ తన కుర్రకారు బృందంతో వాయించాడు. పాల్ మెకార్ట్నీ అతణ్ణి తొలిసారి కలిసింది ఆ రోజే. వారిద్దరూ తరవాత ‘బీటిల్స్’ బృందంతో ప్రపంచ ప్రసిద్ధులయ్యారు. వినడానికి వచ్చిన ఒక యువకుడు తన టేప్ రికార్డరులో ఆనాటి పాటలు కొన్ని రికార్డు చేసుకున్నాడు. ఆ టేపు 1994లో వేలానికి వచ్చినప్పుడు ఈఎంఐ అనే రికార్డుల సంస్థ దాన్ని కొనుక్కుంది. ఆ రోజు వేదిక మీద ఉన్నవారు ఏమవుతారో ఆ యువకుడికి తెలిసే అవకాశమే లేదు. ఏది నిలుస్తుందో ఆనాడే తెలియదు గనుకే అన్నిటినీ నమోదు చేయవలసి ఉంటుందని మాబోటి వారి వాదన.

ఇక రాసిన దాని గురించి. చిన్న వర్గంలో అందరూ అందరికీ తెలుసు, కనుక విమర్శ అన్నది అక్కడ వ్యక్తిగత వ్యవహారం అయిపోతున్నది. ఒక కచేరీలో గాత్రం కింది స్థాయికి దిగిన ప్రతిసారీ తాళవాద్యం దాన్ని మింగేసిందని రాశాను. అది వాయించినవారి లోపం కాదనీ, ఖాళీ హాలులో సరిచూసుకున్న ధ్వని స్థాయిలను జనం నిండాక మళ్లీ చూసుకోకపోవడమే కారణమనీ కూడా రాశాను. జనం నిండిన హాలులో మనుషుల ఒళ్లూ బట్టలూ ధ్వనిని, అందులోనూ హెచ్చు శ్రుతి ధ్వనిని, బాగా పీల్చేసుకుంటాయి. గాత్రంలో మాటల స్పష్టత ఆ హెచ్చు శ్రుతిలోనే ఉంటుంది గనుక మొదట దెబ్బతినేది అదే. తరవాతి కార్యక్రమానికి ధ్వనిని విని సరిచూడడానికి ఒక మనిషిని హాలు మధ్యలో నిలబెడితే సరిపోయే విషయమిది. దానికి వచ్చిన ఫలితం ఏమిటంటే, ఆ నిర్వాహకులు మరి తమ కార్యక్రమాల సమాచారం నాకు పంపలేదు. “మనవాళ్ల మీద మనమే ఇలా రాసుకుంటే ఎలా?” అని మధ్యవర్తులతో కబురు మాత్రం పంపారు.

మనవాళ్లు గనుకే శ్రద్ధగా విని రాయాలి. ప్రతి కచేరీనీ ‘అత్యద్భుతం’ అనీ ప్రతి గాయకుణ్ణీ ‘గంధర్వుడు’ అనీ రాస్తే, ఏడాది పొడవునా సాధన చేసి వచ్చినవారికీ, ముందు రోజు రాత్రి పాటల జాబితా రాసుకుని వచ్చినవారికీ తేడా లేకుండా పోతుంది. అందులో నష్టపోయేది సాధన చేసినవారే. వారిలో కొందరు, తాము పాడింది ఎవరైనా నిజంగా విన్నారా అని నన్ను నేరుగా అడిగారు. అందరూ మెచ్చుకున్నారు గానీ ఏం బాగుందో ఒక్కరూ చెప్పలేదని వారి ఆవేదన. ఉచిత ప్రవేశపత్రం ఇచ్చినంత మాత్రాన పొగడ్తను ముందే కొనుక్కున్నట్టు భావించడం నిర్వాహకులు మానుకుంటే, ఈ ఆవేదన సగం తీరుతుంది.

ఏళ్లు గడిచాక పాత వ్యాసాలను తీసేయమని కోరేవారు మరికొందరు. బృందం విడిపోయిందనో, ఆనాటి గొంతు ఇప్పుడు తమకే నచ్చడం లేదనో, ఫొటోలో ఉన్న ఒకరితో ఇప్పుడు మాటల్లేవనో కారణాలు చెబుతారు. వారి ఇబ్బంది నాకు అర్థమవుతుంది. ఒకరి గౌరవానికో భద్రతకో భంగం కలిగే పక్షంలో తీసేయవలసిందే. అయితే ఆ వ్యాసంలో మరో ఆరుగురి పేర్లుంటాయి, వారిలో కొందరి గురించి మరెక్కడా ఒక్క వాక్యం కూడా ఉండదు. ఒకరి కోరిక మీద ఆరుగురి చరిత్రను చెరిపేయడం నాకు సమ్మతం కాదు.

మేము చెరపకపోయినా చెరిగిపోతున్నది, అది వేరే సంగతి. స్థానిక బృందాలు తమ పాటలను ఉచితంగా పెట్టుకోవడానికి ఒకప్పుడు ప్రపంచమంతటా వాడిన మైస్పేస్, సర్వర్ల మార్పిడిలో 2003 నుంచి 2015 వరకు తన దగ్గర చేర్చిన పాటలు, ఫొటోలు, వీడియోలు పోయాయని 2019లో ప్రకటించింది. పోయిన పాటలు 5 కోట్లకు పైగా ఉంటాయని అప్పట్లో వార్తలు వచ్చాయి. వాటిలో చాలా వాటికి మరో ప్రతి లేదు, చేసినవారి దగ్గర కూడా లేదు. తమ రికార్డింగు ఒక కాపీ తమ దగ్గర, మరొకటి వేరే ఇంట్లో ఉంచుకోమని ఎదురుపడిన ప్రతి కళాకారుడికీ చెబుతుంటాను. “అంతా ఆన్‌లైన్‌లో ఉందిగా” అన్నదే వారి జవాబు.

ఈ పని చేసేవారు ఎక్కువ కాలం నిలవడం లేదు. ఉద్యోగాలూ ఇళ్లూ చూసుకుంటూ రాత్రిళ్లు కూర్చుని రాసేవారు ఒకనాడు అలసిపోతారు. వారు మానేస్తే ఆ ప్రాంతపు సంగీతం గురించిన రాత అక్కడితో ఆగిపోతుంది. పత్రికలు ఒకప్పుడు ఈ భారంలో కొంత మోసేవి. న్యూయార్క్‌లో 1955 నుంచి వెలువడిన ‘విలేజ్ వాయిస్’ వారపత్రిక నగరంలోని చిన్న వేదికల కార్యక్రమాలను దశాబ్దాల పాటు వారం వారం అచ్చువేసింది. 2017లో అది ముద్రణ ఆపేసింది. కానీ ఆ పాత సంచికలను తిరగేస్తే ఏ రాత్రి ఎవరు ఎక్కడ వాయించారో ఇవాళ్టికీ తెలుసుకోవచ్చు.

అందుకే మీకు నా విన్నపం. దినపత్రికలో ప్రతి పేజీ మీదా సంవత్సరంతో సహా తేదీ ఉంటుంది. పాత సంచికలు గ్రంథాలయాల్లో కట్టలు కట్టి భద్రంగా ఉంటాయి. మా రాతలకు లేని ఆ రెండు సదుపాయాలూ మీకు ఉన్నాయి. జిల్లా పేజీల్లో వారానికి ఒకసారి పావు కాలమ్ స్థలం కేటాయించి, ఆ వారం జరిగిన సంగీత కార్యక్రమాల వివరాలు ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. వేదిక, తేదీ, పాడినవారి పేరు, ప్రతి వాద్యం వాయించినవారి పూర్తి పేరు, ధ్వని చూసుకున్నవారి పేరు ఉంటే చాలు. ప్రశంస అక్కర్లేదు, ఫొటో కూడా అక్కర్లేదు. మీ విలేకరులకు ఇది అదనపు భారం కాకుండా, పేర్లను సంబంధిత కళాకారులకు చూపించి సరిచేయించి ప్రతి వారం మీరు చెప్పిన గడువులోగా పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఇతర ప్రాంతాల్లో ఇదే పని చేస్తున్నవారు కూడా ముందుకు వస్తారని నా నమ్మకం. మీరు అంగీకరిస్తే వివరాలు ఏ రూపంలో కావాలో తెలియజేయగలరు.

భవదీయుడు,
ఒక పాఠకుడు