శ్రమకాల ఆత్మపరిశీలన కూడికలకు తోడ్పడిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందటి శనివారం దాకా, ఆదివారాలు తీసేస్తే వచ్చే 40 రోజుల్లో, మా సంఘంలో జరిగిన ఆత్మపరిశీలన కూడికలకు చాలామంది చేయందించారు. పేర్లు పెట్టొద్దని వాళ్లే అడిగారు కాబట్టి పెట్టడం లేదు. ఎవరు ఏం నేర్పారో మాత్రం రాస్తున్నాం, రాలేకపోయినవాళ్లకూ అందుతుందని.

ముందుగా పక్క ఊరి ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) ఫాదర్ గారికి. మన చర్చిలో ఆయన చెప్పడమేమిటి అన్నవాళ్లు లేకపోలేదు. కానీ "మిమ్మును మీరే పరీక్షించుకొనుడి" అని బైబిల్లో రెండో కొరింథీ 13:5 చదివి వినిపించేవాళ్లు ఎందరో ఉన్నా, రాత్రి ఇంట్లో కూర్చుని ఆ పని ఎలా చేయాలో చెప్పేవాళ్లు తక్కువ. ఆయన చెప్పారు. జెస్యూట్ సభను స్థాపించిన కాథలిక్ గురువు ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన పద్ధతి అది. పోపు ఆమోదం పొందింది 1548లో. అందులో మెట్లు ఐదు: ఆ రోజు పొందిన మేళ్లకు స్తుతి, తప్పులు తెలుసుకునే కృప కోసం ప్రార్థన, లేచినప్పటి నుంచి గంట గంటగా రోజును చూసుకోవడం, క్షమాపణ, రేపటికి తీర్మానం. మొత్తం 15 నిమిషాలు అనుకుంటే స్తుతికి 3, ప్రార్థనకు 1, రోజును చూసుకోవడానికి 6, క్షమాపణకు 3, తీర్మానానికి 2 నిమిషాలు సరిపోతాయి.

ఎక్కువమంది తడబడేది మొదటి మెట్టు దగ్గరే. స్తుతి వదిలేసి నేరుగా తప్పుల జాబితాలోకి దిగితే వారం తిరిగేసరికి మనసు కుంగి ఈ అలవాటే మూలన పడుతుంది. రెండో పొరపాటు, మంచం మీద పడుకుని చేయడం. ఆరో నిమిషానికి నిద్ర ఖాయం. భోజనం అయ్యాక, పక్క వేసేలోపు, కుర్చీలోనో చాప మీదో కూర్చుని చేయాలి. మూడో మెట్టులో "ఈ రోజు సరిగ్గా లేను" అని ఒక్క మాటలో తేల్చేయడం కూడా పనికిరాదు. ఎవరితో, ఎక్కడ, ఏం తలచాను, ఏం అన్నాను, ఏం చేశాను అని విడివిడిగా చూసుకోవాలి. కీర్తన 139 చివరి రెండు వచనాలు ముందు చదువుకోమనేది అందుకే. అక్కడ పరిశోధించేది దేవుడు. మనం మనల్ని వెతుక్కుంటే మనకు ఇష్టమైన తప్పులే దొరుకుతాయి.

పట్టిక కార్డులు గీసి జెరాక్స్ తీయించిన యవనస్థులకు మరీమరీ కృతజ్ఞతలు. ఒక్కో కార్డు మీద వారానికి ఏడు జతల గీతలు. ఎంచుకున్న ఒకే ఒక్క తప్పు కోసం, పొద్దుటి నుంచి మధ్యాహ్న భోజనం దాకా జరిగినవి పై గీత మీద, అక్కడి నుంచి రాత్రి దాకా జరిగినవి కింది గీత మీద, జరిగినన్నిసార్లు చుక్కలు పెట్టాలి. తప్పు జరిగిన క్షణంలో గుండె మీద చెయ్యి వేసుకోమని కూడా ఇగ్నేషియస్ పద్ధతిలోనే ఉంది. పదిమందిలో ఉన్నా ఎవరికీ తెలియదు, రాత్రి లెక్కకు గుర్తుంటుంది. ఒకేసారి మూడు నాలుగు తప్పులు పెట్టుకున్నవాళ్ల కార్డులు సాధారణంగా మధ్యలోనే ఆగిపోతాయి. "కోపం" అని రాస్తే చుక్క ఎప్పుడు పెట్టాలో తెలియదు. "కోడలి మీద గొంతు లేపడం" అని రాస్తే తెలుస్తుంది. మొదటి వారం చుక్కలు పెరిగితే దిగజారిపోయామని బెంబేలు పడనక్కర్లేదు, అంతకుముందు గమనించలేదంతే. కార్డు వెనక్కి తిప్పితే ఎఫెసీ 4:25-32 ఉంటుంది. ఆ పత్రికలో అపొస్తలుడు పౌలు ఏదీ ఊరికే మానమనడు. అబద్ధం మాని సత్యం పలకమంటాడు, దొంగతనం మాని కష్టపడి అక్కరలో ఉన్నవాడికి పెట్టమంటాడు. కాబట్టి తప్పు పక్కనే దానికి బదులు చేయవలసింది కూడా రాసుకోవాలి. అది రాయకపోతే ఖాళీ అయిన చోటికి పాత అలవాటే తిరిగి వస్తుంది.

స్త్రీల సమాజం పెద్దమ్మగారు జట్లు కట్టిన తీరు చూసి నేర్చుకోవాలి. స్త్రీలు స్త్రీలతో, పురుషులు పురుషులతో, ఇద్దరు ముగ్గురు చొప్పున, వారానికోసారి. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ 1738లో చిన్న గుంపుల కోసం రాసిన ప్రశ్నల్లో నాలుగు తీసుకున్నారు: కిందటిసారి కలిసినప్పటి నుంచి తెలిసి చేసిన పాపాలేమిటి, ఏ శోధనలు ఎదురయ్యాయి, వాటి నుంచి ఎలా తప్పించబడ్డారు, పాపమో కాదో తేల్చుకోలేక సందేహంగా ఉన్నదేమైనా ఉందా. దాచుకోవాలనిపించేది ఏమైనా ఉందా అనే ఐదోదాన్ని ఆమె కావాలనే పక్కన పెట్టారు. కొత్తగా కలిసినవాళ్లను ఆ మాట అడిగితే రెండో వారం ఎవరూ రారు. ఆమె పెట్టిన కట్టడి ఒకటే: జట్టులో విన్నది ప్రార్థన అంశం పేరుతో బయటికి పోకూడదు. మన సంఘాల్లో చాడీలు ఎక్కువగా నడిచేది ఆ దారినే మరి.

నర్సుగా పనిచేసి రిటైరైన సహోదరి ఒక సాయంత్రం చెప్పిన మాటలు చాలామందికి ఊరటనిచ్చాయి. పరిశుద్ధాత్మ మన తప్పును ఒప్పించేటప్పుడు ఫలానా మాట, ఫలానా పని అని చూపిస్తుంది, దిద్దుకునే దారీ చూపిస్తుంది. నువ్వు దేనికీ పనికిరావు అని గుడ్డిగా వెంటాడే నింద అలాంటిది కాదు. క్షమాపణ అడిగిన పాపాన్నే రోజూ మళ్లీ మళ్లీ ఒప్పుకుంటూ, తిండీ నిద్రా పోతున్నవాళ్లు చుక్కల కార్డు ఆపేయాలని ఆమె ఖండితంగా చెప్పారు. అలాంటివాళ్లు మొదటి యోహాను 1:9, 3:20 చదువుకోవాలి, కాపరితో మాట్లాడాలి, డాక్టర్‌కూ చూపించుకోవాలి. డాక్టర్ దగ్గరికి వెళ్లడం అవిశ్వాసం కాదు.

ఇక రిటైరైన పాస్టరు అయ్యగారు. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారం) దగ్గరికి రాకుండా బెంచీలోనే ఉండిపోయేవాళ్ల గురించి ఆయన చెప్పినంత సూటిగా ఎవరూ చెప్పరు. మొదటి కొరింథీ 11:28 పరీక్షించుకుని తినమంటుంది, మానేయమనడం లేదు. కొరింథులో తగాదా ఏమిటో 20 నుంచి 22 వచనాల్లోనే ఉంది: ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తులో ఉన్నాడు, లేనివాళ్లు సిగ్గుపడాల్సి వచ్చింది. కాబట్టి బల్లకు ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న, నా తోటివాడిని ఎలా చూశాను అనేదే. మత్తయి 5:23-24 ప్రకారం ముందు వెళ్లి సమాధానపడాలి. శనివారం రాత్రి దాకా ఆగకుండా బుధ, గురువారాల్లోనే వెళ్లండి, మాటలకు సమయం ఉంటుంది. గట్టు జరిపినా, చీటీ డబ్బు ఎగ్గొట్టినా సారీతో సరిపోదు. సంఖ్యాకాండము 5:7లో అసలుతో పాటు ఐదో వంతు కలిపి ఇవ్వాలని ఉంది, అంటే 10,000 తీసుకుంటే 12,000. లూకా సువార్తలోని సుంకరి జక్కయ్య అయితే నాలుగంతలు అన్నాడు. వెళ్లినా అవతలివాళ్లు తలుపు తీయకపోతే? రోమా 12:18లో "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అని ఉంది. మన వంతు చేశాక బల్లకు రావచ్చు.

ఎదుగుదల కొలుచుకోవడానికి గలతీ 5:22-23లోని ప్రేమ, సంతోషం మొదలైన తొమ్మిది ఆత్మఫలాలు చాలు. కానీ రోజూ కాదు, మూడు నెలలకోసారి. మార్కులు మనం వేసుకోకుండా ఇంట్లోవాళ్లనే అడగాలి.

చాపలు, కుర్చీలు సర్దినవారికి, రాత్రి పొద్దుపోయేదాకా గేటు తీసి ఉంచిన చర్చి కాపలా అన్నకు, టీ పెట్టిన అక్కలకు కూడా మా వందనాలు. మిగిలిన కార్డులు ఆఫీసు గదిలో ఉన్నాయి, ఉచితం. ఇంటికి తీసుకెళ్లేవారు మీద పేరు రాయకండి, తప్పును కూడా మీకు మాత్రమే తెలిసే గుర్తుతో రాసుకోండి.