డబ్బాలో నూనె ఏ శాఖది?

ఆంధ్రప్రదేశ్ పౌరసరఫరాల శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. నేను విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపుల మెకానిక్‌ని. ముప్పై నాలుగేళ్లుగా పంపులు, నాజిళ్లు విప్పి బిగించడమే నా పని. సోమవారం వెళ్లి అర్జీ ఇద్దామనుకున్నాను గానీ, ఇది నా ఒక్కడి గొడవ కాదు, అర్జీ కాగితంలో ఇమిడేదీ కాదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

పోయిన నెల షాపుకి ఒక లారీ వచ్చింది. పన్నెండు టైర్ల బండి, కొత్త పొగ ప్రమాణాల బీఎస్-6 రకం. పికప్ లేదు, మిస్సింగ్ కొడుతోంది, డాష్‌బోర్డు మీద లైట్లన్నీ వెలుగుతున్నాయి. ఓనరూ డ్రైవరూ ఒకడే కుర్రాడు. ఆయిల్ ఎక్కడ కొట్టించావంటే కాసేపు నసిగి, "బయోడీజిలన్నా. లీటరు మీద పదిహేను రూపాయలు తక్కువకిస్తున్నారు. అందరూ కొట్టిస్తున్నారని నేనూ కొట్టించా" అన్నాడు. బయోడీజిలంటే వంటనూనెల్లాంటి వాటిని మార్చి డీజిల్‌కి బదులుగా చేసే ఇంధనం. ఏ రోడ్డు మీదో కూడా చెప్పాడు. దాన్నిక్కడ రాయను. ఆ ఒక్క చోట మూయించి ఊరుకుంటారని నా భయం.

ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ విప్పితే లోపల నీడిల్ కదలడం లేదు. ముదురు గోధుమరంగు జిగురు వార్నిష్ పూసినట్టు పట్టేసింది. ఈ కొత్త బండ్లలో ఉండే కామన్ రైల్ ఇంజెక్టర్‌లో ఆ నీడిల్ చుట్టూ ఉండే సందు వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. అలాంటి చోట జిగురు పడితే ఇంకేముంది? ఆరు ఇంజెక్టర్లూ, హై ప్రెషర్ పంపూ పోయాయి. లీటరుకి పదిహేను రూపాయల చొప్పున ఎన్ని ట్రిప్పులు మిగుల్చుకుంటే ఆ బిల్లు తీరుతుందో ఆ కుర్రాడు నా ముందే ఫోన్లో లెక్క వేసుకుని, సగంలో ఆపేశాడు.

ఫిల్టర్ గిన్నెలో మిగిలిన ఆయిల్‌ని సీసాలోకి పట్టి చూశాను. దీనికో చిన్న పరీక్ష ఉంది. మా రెండో అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివింది, అదే నేర్పింది. మిథనాల్ అనే ఒక రకం ఆల్కహాల్ తొమ్మిది పాళ్లు తీసుకుని, అందులో ఒక పాలు బయోడీజిల్ పోసి ఊపి పక్కన పెట్టాలి. అసలు సరుకైతే పూర్తిగా కరిగిపోయి సీసా తేటగా ఉంటుంది. మారకుండా మిగిలిపోయిన వంటనూనె ఉంటే అడుక్కి దిగుతుంది. పెట్రోలియం నూనెలూ అంతే, మిథనాల్‌లో సరిగా కలవవు. ఈ కుర్రాడి సీసాలో పోసినదాంట్లో సగానికి పైగా అడుగునే కూర్చుంది. అదేమిటో ల్యాబ్ చెప్పాలి. బయోడీజిల్ మాత్రం కాదని నేనే చెప్పగలను.

ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. గుజరాత్‌లో పారిశ్రామిక నూనెల్ని బయోడీజిల్ పేరుతో అమ్ముతుంటే 2021లో అక్కడి ప్రభుత్వం దాడులు చేసి పంపులు సీజ్ చేయాల్సి వచ్చింది. నాకు బాధ కలిగించేది ఏమిటంటే, దొంగ సరుకు వల్ల మంచి సరుకు పేరు చెడుతోంది. ఆటోనగర్‌లో ఇవాళ బయోడీజిల్ అంటే బూతుమాట అయిపోయింది.

నేను దానికి వ్యతిరేకిని కానండి. రెండేళ్లుగా నా సుమోలో పోస్తున్నాను.

అదెలా మొదలైందో చెబుతాను. మా బావమరిదికి ఒక కర్రీ పాయింటుంది, సాయంత్రం పూట బజ్జీలు, పునుగులు కూడా వేస్తారు. రాత్రి పదింటికి బండికి చెరోపక్క ఒక డబ్బా కట్టుకుని ఒకతను వస్తాడు. నల్లబడ్డ నూనె పోయించుకుని అక్కడికక్కడే డబ్బులిచ్చి వెళ్తాడు. ఎక్కడికయ్యా అంటే "సబ్బులకండి" అంటాడు. సబ్బుల ఫ్యాక్టరీ రాత్రి పదకొండింటికి తెరిచి ఉంటుందా అని నాకో అనుమానం. మెకానిక్ బుద్ధి కదా, పనికిరాని కుతూహలం ఎక్కువ. ఒకరోజు వెనకాలే వెళ్లాను. మూడు వీధుల అవతల రెండు తోపుడు బండ్ల దగ్గర ఆగాడు. ఇక్కడ పోయించుకున్న డబ్బా అక్కడ సగం ఖాళీ అయింది. మర్నాడు ఆ బండ్ల దగ్గర స్కూలు పిల్లలు నిలబడి తింటుంటే నేను మాట్లాడలేకపోయాను. బావమరిదితో మాత్రం గట్టిగానే మాట్లాడాను. "మరేం చెయ్యమంటావు బావా, కాలవలో పొయ్యమంటావా?" అన్నాడు. జవాబు లేదు నా దగ్గర.

నియమాలు లేక కాదు. వాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్లు, అంటే నూనె కాగేకొద్దీ పుట్టే చెడు పదార్థాలు, 25 శాతం దాటితే ఆ నూనె వంటకి పనికిరాదని కేంద్ర ఆహార భద్రత సంస్థ 2018 జూలై 1 నుంచి అమల్లో పెట్టింది. రోజుకి 50 లీటర్లకు మించి నూనె వాడే హోటళ్లు లెక్క రాసిపెట్టాలని 2019 మార్చి నుంచి చెప్పింది. వాడిన నూనెను బయోడీజిల్‌కి మళ్లించమని రూకో అనే పథకం కూడా 2018 ఆగస్టులోనే పెట్టింది. బాగానే ఉంది. కానీ రోజుకి 50 లీటర్లు కాచే బజ్జీల బండి ఎక్కడుందండి? పెద్ద హోటల్ రిజిస్టర్ రాస్తుంది, ఏజెన్సీ వ్యాన్ వచ్చి తీసుకెళ్తుంది. మూడు లీటర్లు మిగిలే చిన్నవాడి దగ్గరికి ఆ డబ్బాల బండి తప్ప ఎవరూ రారు.

ఇందులో మెలిక ఇదీ. నూనె బాణలిలో ఉన్నంతసేపు వైద్యారోగ్య శాఖ చూసుకుంటుంది. బయోడీజిలై బంకులో అమ్మకానికొస్తే మీ శాఖ చూడాలి. మధ్యలో డబ్బాలో ఉన్నప్పుడు మాత్రం అది ఎవరిదీ కాదు. అటు తోపుడు బండికి పోవాలన్నా, ఇటు ఇంధనం కావాలన్నా నిర్ణయం జరిగేది ఆ డబ్బాలో ఉన్నప్పుడే.

బావమరిది మాట పట్టుకుని మేం ఇంట్లో చేసి చూశాం. మొదటి వాయి నాశనం. నూనెలో నీళ్లున్నాయి, పలుమార్లు కాగి ఆమ్లం పెరిగింది. అదెంతో టైట్రేషన్ చేసి తేల్చకుండా కాస్టిక్ సోడా వేసేశాం. పొద్దున చూస్తే బక్కెట్ నిండా సబ్బు గుజ్జు. "నేను చెప్పానా నాన్నా" అని మా అమ్మాయి రెండు రోజులు నన్ను వదల్లేదు. రెండోసారి వడకట్టి, చిటపటలు ఆగేదాకా కాచి, 55 డిగ్రీలకు చల్లారనిచ్చాం. ఆమ్లం కొలిచి, ఆ లెక్కన సోడా పెంచి మిథనాల్‌లో కరిగించాం. లీటరు నూనెకు 200 మిల్లీలీటర్ల మిథనాల్. గంటసేపు కలిపి రాత్రంతా వదిలేస్తే అడుగున నల్లటి గ్లిజరిన్, పైన తేనె రంగులో బయోడీజిల్ విడివిడిగా నిలబడ్డాయి. తర్వాత నీళ్లతో కడగడం. మొదటి కడుగు నీళ్లు పాలలా వచ్చాయి, నాలుగోదానికి తేటపడ్డాయి.

డీజిల్ నాలుగు పాళ్లు, ఇది ఒక పాలు కలిపి పోశాను. నాది పాత మెకానికల్ పంపు సుమో, గ్రీన్ ట్యాక్స్ కట్టి నడుపుకుంటున్న బండి. పొగ బజ్జీల వాసన వస్తుందా అని ఆటోనగర్‌లో అడగనివాడు లేడు. కొంచెం వస్తుంది. ఇంజన్ చప్పుడు తగ్గింది. రెండో వారంలో ఫిల్టర్ జామ్ అయింది. తప్పు ఇంధనానిది కాదు, ఏళ్ల తరబడి ట్యాంకు గోడలకు పట్టిన మడ్డిని అది కడిగి తెచ్చింది. రెండు ఫిల్టర్లు మార్చాక ఆగింది. పాత రబ్బరు పైపులు ఉబ్బితే, బయోడీజిల్‌ని తట్టుకునే వైటాన్ రకం పైపులు వేశాను. మైలేజీ లీటరుకి ఏదో కాస్త తగ్గినట్టుంది, నేనంత పట్టించుకోలేదు. ఇంకోటి, బజ్జీల నూనె చాలావరకు పామాయిలే. ఏమీ కలపని బయోడీజిల్ సీసాని ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి నెయ్యిలా పేరుకుంది. విజయవాడలో ఆ బెడద లేదు గానీ, జనవరిలో లంబసింగి వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

అలాగని ఇంటింటా చేసుకోమని నేను చెప్పను, చెప్పేవాళ్లని నమ్మొద్దు కూడా. మిథనాల్ విషం. కళ్లు పోతాయి, ప్రాణం పోతుంది. 65 డిగ్రీలకే మరుగుతుంది, ఆవిరి అంటుకుంటే గది పేలుతుంది. మేం చేసింది షెడ్డు బయట, అదీ కెమిస్ట్రీ తెలిసిన మనిషి పక్కనుండగా. ఇక కొత్త కార్లున్నవాళ్లు సొంత తయారీ జోలికి అసలు పోకూడదు. బీఎస్-6 బండ్లలో పొగ ఫిల్టర్ శుభ్రం కావడానికి అదనంగా కొట్టే ఇంధనంలో బయోడీజిల్ ఎక్కువుంటే, అది పూర్తిగా ఆవిరి కాక సిలిండర్ గోడల మీంచి ఇంజన్ ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచన చేస్తుంది. మన డీజిల్ ప్రమాణాల్లోనే 7 శాతం వరకు బయోడీజిల్ కలపొచ్చని ఉంది. ఆ 7 శాతం ఆయిల్ కంపెనీ డిపోలో, ల్యాబ్ పరీక్ష అయ్యాక కలిస్తే ఏ కారుకీ ఇబ్బంది లేదు. పెద్ద ప్లాంట్లూ మనకున్నాయి. ఏడాదికి లక్షన్నర టన్నులు చేసేలా కట్టినది ఒకటి కాకినాడలోనే ఉంది. కొరతంతా డబ్బాని అక్కడికి చేర్చే దారిదే.

ఢిల్లీ లెక్కలు చూస్తే నవ్వొస్తుంది. 2003లో అడవి ఆముదం (జట్రోఫా) నాటించి, దాని గింజల నూనెతో చేసిన బయోడీజిల్‌ని 2011-12 కల్లా డీజిల్‌లో 20 శాతం కలుపుతామన్నారు. 2009 విధానంలో అదే 20 శాతం 2017కి జరిగింది. 2018 విధానంలో 2030 నాటికి 5 శాతానికి దిగింది. ఇప్పటిదాకా ఒక్క శాతం కూడా దాటలేదు. మెట్ట పొలాల్లో నాటిన మొక్క చెప్పినంత కాయలేదు, కాసినచోట గింజలు ఏరే కూలి గిట్టలేదు, దగ్గర్లో గానుగ లేదు. అదే పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతానికి చేరిందంటే, ఆయిల్ కంపెనీలు ఏటా ముందే చెప్పిన రేటుకి కొన్నాయి కాబట్టి. వాడిన నూనెతో చేసిన బయోడీజిల్‌కీ 2019 ఆగస్టులో లీటరుకి 51 రూపాయలని రేటు ప్రకటించారు. అది ప్లాంటువాడికి. డబ్బా ఉన్నవాడికి ఏ రేటూ ఎవరూ చెప్పలేదు.

ఉమ్మడి రాష్ట్రంలో ఉన్నప్పుడు ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో గోండు మహిళా సంఘాలు కానుగ గింజల నుంచి నూనె తీశాయి. డీజిల్‌కి బదులు ఆ నూనె వాడితే తగ్గే కాలుష్యం కింద 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు లెక్కకట్టి 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు ఇచ్చింది. చిన్న మొత్తమే. కానీ గింజ ఏరిన చోటే యంత్రం ఉంది, డబ్బు ఏరిన చేతికే వచ్చింది.

నేనడిగేది కూడా అలాంటిదే, మీ చేతిలో ఉన్నదే. రేషన్ షాపులు మళ్లీ తెరిచారు. ఒకప్పుడు వీధివీధికీ కిరసనాయిలు ఆ షాపుల నుంచే వచ్చేది. హోల్‌సేలర్ దగ్గర్నుంచి ట్యాంకర్, డీలర్ దగ్గర పీపా, కొలపాత్ర, రిజిస్టర్ అన్నీ ఉండేవి. ఇప్పుడు కిరసనాయిలు లేదు, ఆ దారి ఖాళీగా ఉంది. ఆ దారిలోనే వాడిన నూనెని వెనక్కి నడిపించండి. బజ్జీల బండివాడు మూడు లీటర్లు తెచ్చి డీలర్ దగ్గర పోయాలి, బోర్డు మీద రాసిన రేటు తీసుకోవాలి. రాత్రి పదింటికి వచ్చేవాడి కంటే రెండు రూపాయలు ఎక్కువుంటే చాలు, ఎవరూ ఎవర్నీ పట్టుకోనక్కర్లేదు. డీలర్‌కి కమిషన్ ఇవ్వండి, ఉత్తినే చెయ్యమంటే చెయ్యడు. ముందు ఒక్క విజయవాడలో, పది షాపుల్లో మొదలుపెట్టండి. వచ్చిన బయోడీజిల్‌ని మొదట మున్సిపాలిటీ పాత చెత్త లారీల్లో వాడిస్తే ఎలా నడుస్తుందో అందరికీ కళ్లెదుటే కనిపిస్తుంది. దేశం ఏటా తాగే డీజిల్ దాదాపు 9 కోట్ల టన్నులు. ఈ నూనె దానికి ఏ మూలకీ రాదని నాకు తెలుసు. బాణలికి తిరిగి పోకపోతే నాకదే పదివేలు.

బంకుల సంగతి కూడా తేల్చండి. బయోడీజిల్ చిల్లరగా అమ్మాలంటే రాష్ట్రంలో రిజిస్టర్ చేసుకోవాలని కేంద్రం 2019లోనే మార్గదర్శకాలిచ్చింది. మన రాష్ట్రంలో అలా రిజిస్టరైనవాళ్ల జాబితా జిల్లావారీగా తెలుగులో ప్రతి టోల్‌గేట్ దగ్గరా పెట్టించండి. జాబితాలో లేనిచోట కొట్టించుకున్నవాడు ఆ తర్వాత నా షాపుకొచ్చి ఏడవడానికి ఉండదు. మీ తనిఖీ అధికారుల జీపులో ఆ సీసా పరీక్ష సామాను ఒక పెట్టె ఉంచండి. అది కోర్టులో సాక్ష్యంగా నిలబడదు, శాంపిల్ ల్యాబ్‌కి పంపాల్సిందే. ఎక్కడ శాంపిల్ తీయాలో మాత్రం పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఆ లారీ సీసాతో కలిపి నా దగ్గర ఇప్పటికి తొమ్మిది సీసాలయ్యాయి. ఒక్కోదాని మీద తేదీ, బండి రకం స్టిక్కర్ అంటించి షెల్ఫులో పెట్టాను. ఎండ తగలకుండా గోనెపట్టా కప్పాను. మీ శాఖ నుంచి ఎవరినైనా పంపితే అన్నీ అప్పగిస్తాను, రసీదు మాత్రం ఇవ్వాలి. ఆదివారం షాపు ఉండదండి.

ఇట్లు,
ఒక డీజిల్ పంపు మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ